దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు ఆజ్ఞలూ సండే స్కూల్ పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ప్రశ్నలు మాత్రం పెద్దయ్యాకే పుడతాయి. ఎదురుగా ఒక మనిషి నిలబడి, మన చేతిలో కాస్త టైమ్, కాస్త డబ్బు, మనసులో బోలెడంత విసుగు ఉన్నప్పుడు పుడతాయి. బైబిలు తరగతుల్లోనూ, ఆరాధన అయ్యాక జరిగే మాటల్లోనూ ఎక్కువగా వినబడే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొన్నిటికి అంత తేలిగ్గా తేలదు.

ఈ రెండు ఆజ్ఞలు యేసు ప్రభువు కొత్తగా ఇచ్చినవేనా?

కావు, రెండూ పాత నిబంధనలో ఉన్నవే. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించమన్నది ద్వితీయోపదేశకాండము 6:5. "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్నది లేవీయకాండము 19:18. ధర్మశాస్త్రంలో 613 ఆజ్ఞలున్నాయని యూదు పండితుల సంప్రదాయ లెక్క. వాటిలో ఏది ముఖ్యమన్నది వాళ్ల మధ్య మామూలుగా నడిచే చర్చే. మత్తయి 22లో, మార్కు 12లో ఆ ప్రశ్నకు ప్రభువే ఈ రెండు ఆజ్ఞలూ చెప్పి జవాబిచ్చారు. లూకా 10లో అయితే ధర్మశాస్త్రోపదేశకుడి నోటి నుంచే ఆ మాటలు వస్తాయి, నువ్వు సరిగ్గా చెప్పావని ప్రభువు ఒప్పుకుంటారు.

ఆయన కలిపింది ఏమిటంటే, ధర్మశాస్త్రమంతా ప్రవక్తల బోధ అంతా ఈ రెంటి మీదే నిలబడి ఉందన్నారు. సిలువకు ముందు రాత్రి శిష్యుల కాళ్లు కడిగాక ఇంకో అడుగు ముందుకు వేశారు. "నేను మిమ్మును ప్రేమించినట్టే" ఒకరినొకరు ప్రేమించండి అని (యోహాను 13:34). అప్పటిదాకా కొలత మన మీద మనకున్న ప్రేమ. ఇప్పుడు ఆయన ప్రేమే కొలత. కొత్త ఆజ్ఞ అని ఆయన పేరు పెట్టింది దీనికే.

దేవుణ్ణి బాగా ప్రేమిస్తే చాలదా? రెండోది దానంతట అదే రాదా?

రావాలి. రాకపోతే మొదటిదాన్నే అనుమానించాలి. "తాను చూచిన తన సహోదరుని ప్రేమింపని వాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు" అని యోహాను రాశాడు (1 యోహాను 4:20). ఎంత సన్నిహితంగా ప్రార్థించినా, ఎన్ని గంటలు మోకరించినా ఈ వాక్యానికి మినహాయింపు లేదు.

దేవుడి పేరు చెప్పి మనిషిని తప్పించుకునే దారి చాలా పాతది. మార్కు 7:9-13 చూడండి. ముసలి తల్లిదండ్రులను పోషించాల్సిన కొడుకు, "మీకు ఇవ్వాల్సింది కొర్బాను" అనేవాడు. అంటే అది దేవుడికి అర్పించేశానని. ఆ ఒక్క మాటతో బాధ్యత తీరిపోయేది, పైగా భక్తుడన్న పేరు కూడా వచ్చేది. అడిగే హక్కు తల్లిదండ్రులకు లేదు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది దేవుడు! ప్రభువు దీన్ని భక్తి అనలేదు, దేవుని వాక్యాన్ని కొట్టివేయడం అన్నారు. ఈ వచనాలు కానుకల ఆదివారాల్లో ఎందుకు అంత అరుదుగా వినబడతాయో ఊహించుకోవచ్చు.

మన కొర్బానులు మనకూ ఉన్నాయి. సంఘంలో నాలుగు కమిటీల పని నెత్తిన వేసుకుని, ఇంట్లో జబ్బు మనిషి పక్కన పది నిమిషాలు కూర్చోలేకపోవడం అందులో ఒకటి.

మరి పొరుగువాణ్ణి ప్రేమిస్తే చాలదా? దేవుడు ఎందుకు?

చాలామందికి ఈ దారే తేలిక అనిపిస్తుంది, నిజాయితీగా కూడా అనిపిస్తుంది. కానీ ప్రభువు ఈ రెంటికీ వరుస పెట్టారు: ఇది మొదటిది, అది రెండోది. ఆస్తి అంతా బీదలకు పంచిపెట్టినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు రాశాడు (1 కొరింథీయులు 13:3). అంటే ప్రేమ లేకుండానే దానం చేయొచ్చన్నమాట. పేరు కోసం చేయొచ్చు, అవతలివాడు ఎప్పటికీ మన చెప్పుచేతల్లో ఉండాలని చేయొచ్చు. పొందినవాడు కృతజ్ఞత చూపించనప్పుడు మనకు ఎంత కోపం వచ్చిందో గమనిస్తే ఎందుకు ఇచ్చామో తెలిసిపోతుంది.

ఆయన మొదట మనల్ని ప్రేమించాడు కాబట్టి మనం ప్రేమిస్తున్నాం అని యోహాను అంటాడు. క్రైస్తవ జీవితంలో పొరుగువాడి మీద ప్రేమకు ఊట అక్కడుంది. మనం పొందినదే ఇస్తున్నామని గుర్తున్నవాడు బదులు కోసం అంతగా ఎదురుచూడడు.

ప్రేమించమని ఆజ్ఞాపిస్తే ప్రేమ పుడుతుందా?

ప్రేమ అంటే కేవలం గుండెలో కలిగే భావమే అయితే ఈ ప్రశ్నకు జవాబు లేదు. భావాలు చెబితే వినవు. అందుకే రెండో ఆజ్ఞను దాని చోటులోనే పెట్టి చదవాలి. లేవీయకాండము 19వ అధ్యాయం తెరవండి. పద్దెనిమిదో వచనానికి ముందు ఏముందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పొలం కోసేటప్పుడు అంచుల దాకా పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టొద్దు. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని పక్షపాతం చూపొద్దు, గొప్పవాడని మొహమాటపడొద్దు. "కొండెములాడుచు ఇంటింటికి తిరుగకూడదు." సహోదరుడి మీద హృదయంలో పగ పెట్టుకోవద్దు, తప్పు చేస్తే అతనికే చెప్పు. కీడుకు కీడు చేయొద్దు. ఇవన్నీ అయ్యాక వస్తుంది, నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను అన్న మాట.

ఒక్కటి కూడా మనసు ఉప్పొంగితే గానీ చేయలేని పని కాదు. కూలి సాయంత్రానికే ఇచ్చేయడానికి కూలివాడి మీద అభిమానం పొంగిపొర్లనక్కర్లేదు, ఇచ్చేస్తే చాలు. గుడ్డివాడికి అడ్డం పెట్టినవాడు ఎవరో అతనికి ఎప్పటికీ తెలియదు, చెవిటివాడికి ఆ తిట్టు వినబడదు. అందుకే "నీ దేవునికి భయపడవలెను" అని ఆ వచనం ముగుస్తుంది. ఎవరూ చూడని చోట పొరుగువాడి తరఫున నిలబడేది దేవుడే.

కొండెముల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనం దానికి భక్తి వేషం కూడా వేశాం. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, బయట ఎవరికీ చెప్పకండి" అని మొదలవుతుంది ఫోన్. పది నిమిషాలయ్యేసరికి ఆ సిస్టర్ ఇంటి గుట్టంతా బయటపడుతుంది, మొగుడూపెళ్లాల గొడవ దగ్గర్నుంచి అప్పుల దాకా. ఫోన్ పెట్టేశాక ప్రార్థన జరిగిందా అన్నది వేరే సంగతి. నిజంగా ప్రార్థన కావాలంటే "ఆమె కష్టంలో ఉంది" అన్న ఒక్క మాట సరిపోతుంది, మిగతాది దేవుడికి తెలుసు.

అయితే భావానికి చోటే లేదా? ఉంది. పని చేస్తూ ఉంటే భావం వెనకాల వస్తుంది, కొన్నిసార్లు చాలా ఆలస్యంగా. దాని కోసం కాచుకుని కూర్చుంటే మాత్రం పనీ జరగదు, భావమూ రాదు.

నా పొరుగువాడు ఎవరు?

ఇదే ప్రశ్న ఆ ధర్మశాస్త్రోపదేశకుడూ అడిగాడు. తనను తాను నీతిమంతుడిగా కనబరచుకోవాలని అడిగాడని లూకా చెబుతాడు. ఎవరి దాకా ప్రేమించాలో గీత గీసిస్తే ఆ గీత లోపల ఉన్నవాళ్లతో సరిపెట్టుకోవచ్చని.

ప్రభువు గీత గీయలేదు, ఒక దారి చూపించారు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి. పాతిక కిలోమీటర్లకు కాస్త పైగా ఉండే ఆ దారిలో సుమారు 1000 మీటర్లు కిందికి దిగాలి. అంతా కొండలు, మలుపులు, దొంగలు పొంచి ఉండడానికి అనువైన చోట్లు. దెబ్బలు తిని కొనప్రాణంతో పడి ఉన్నవాణ్ణి యాజకుడు చూసి పక్కగా వెళ్లిపోయాడు, ఆలయ సేవ చేసే లేవీయుడూ అంతే. సమరయుడు దగ్గరికి వచ్చాడు.

ఆ తర్వాత కథలో పనులే పనులు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి ఆ రాత్రి కనిపెట్టుకుని ఉన్నాడు. మర్నాడు రెండు దేనారాలు తీసి ఇచ్చాడు. మత్తయి 20 ప్రకారం ఒక దేనారం ఒక రోజు కూలి, కాబట్టి అది రెండు రోజుల సంపాదన. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. నాకు ఈ చివరి మాట దగ్గరే ఆగాలనిపిస్తుంది. అతను తన ప్రయాణం మానుకోలేదు, పని చూసుకోవడానికి వెళ్లాడు. కానీ మళ్లీ వస్తానన్నాడు, ఖర్చుకు పూచీ పడ్డాడు. జాలి ఆ దారి పక్కనే ముగిసిపోలేదు.

యూదులకూ సమరయులకూ సాంగత్యం లేదని యోహాను 4లో ఉంది. యూదుడు సమరయుణ్ణి కాపాడాడని కథ చెప్పి ఉంటే విన్నవాళ్లు "ఎంత మంచివాళ్లం" అనుకుని ఇంటికి పోయేవారు. ప్రభువు తిప్పి చెప్పారు. చివర్లో ప్రశ్న కూడా మార్చేశారు: ఈ ముగ్గురిలో ఆ మనిషికి ఎవరు పొరుగువాడయ్యాడు? ధర్మశాస్త్రోపదేశకుడు "సమరయుడు" అనే మాట కూడా పలకలేదు, "అతని మీద జాలి చూపినవాడు" అన్నాడు.

శత్రువును ప్రేమించడం మనుషులకు సాధ్యమేనా?

అతనంటే ఇష్టం పుట్టించుకోవడం చాలాసార్లు సాధ్యం కాదు, దాన్ని ప్రభువు అడగనూ లేదు. వాళ్ల కోసం ప్రార్థించండి అన్నారు (మత్తయి 5:44). ఆకలిగా ఉంటే అన్నం పెట్టు, దాహమైతే నీళ్లివ్వు అని పౌలు సామెతల గ్రంథంలోని మాటనే ఎత్తి రాశాడు (రోమా 12:20). ఇంకా ముందు నిర్గమకాండము 23:4-5లోనే ఉంది: నీ శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పగించు. నిన్ను పగపట్టినవాడి గాడిద బరువు కింద కూలబడితే చూసీ చూడనట్టు పోవద్దు, సాయం పట్టు.

గాడిదతో మొదలుపెట్టమన్నాడు దేవుడు. చాలా దయ ఉంది అందులో.

క్షమించానంటే మళ్లీ ఆ మనిషి దగ్గరికి వెళ్లి బతకాలా? కొట్టేవాణ్ణి కూడా భరించాలా?

అక్కర్లేదు. ఈ ప్రశ్నకు జవాబు మెత్తగా చెప్పడం వల్ల చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నారు. "ప్రేమ అన్నిటినీ ఓర్చుకుంటుంది" అన్న వాక్యం చూపించి వాళ్లను వెనక్కి పంపించిన పెద్దలు ఉన్నారు. అదే అధ్యాయం, ప్రేమ దుర్నీతి విషయంలో సంతోషపడదు అని కూడా చెబుతుంది. ఆ వాక్యం మాత్రం కొట్టినవాడికి ఎవరూ చదివి వినిపించరు.

దావీదు సంగతి చూడండి. సౌలు అతన్ని చంపాలని తరుముతున్నాడు. ఏన్గెదీ గుహలో సౌలే దావీదు చేతికి చిక్కాడు. దావీదు అతని అంగీ చెంగు కోశాడే తప్ప అతని మీద చెయ్యి వేయలేదు, బయటికొచ్చి "నా తండ్రీ" అని పిలిచాడు. సౌలు ఏడ్చాడు, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. ఇంత జరిగాక ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లాలి కదా? 1 సమూయేలు 24 ఆఖరి వచనం చదవండి. సౌలు ఇంటికి వెళ్లిపోయాడు, దావీదు తనవాళ్లతో కొండస్థలానికి వెళ్లిపోయాడు. పగ తీర్చుకోలేదు, అలాగని సౌలుకు అందేంత దూరంలో మళ్లీ నిలబడనూ లేదు. రెండు అధ్యాయాల తర్వాత సౌలు మూడు వేలమందితో మళ్లీ వెతకడానికి వచ్చాడు కాబట్టి ఆ జాగ్రత్త ఊరికే పోలేదు.

క్షమించడం మన చేతిలో ఉంది. నమ్మకం మాత్రం అవతలివాడు మారి సంపాదించుకోవాలి, దానికి సమయం పడుతుంది. చట్టం సాయం కోరడం ప్రేమకు విరుద్ధం కాదు. కొరడాలతో కొట్టబోతే పౌలు తన రోమా పౌరసత్వం గుర్తుచేసి ఆపించాడు (అపొస్తలుల కార్యములు 22:25). చెంప మీద కొట్టినవాణ్ణి ప్రభువు కూడా "నన్నెందుకు కొట్టావు" అని అడిగారు (యోహాను 18:23). ఇంట్లో హింస ఉంటే ముందు ప్రాణం దక్కే చోటికి వెళ్లండి. క్షమాపణ గురించి ఆలోచించడానికి తర్వాత టైమ్ ఉంటుంది.

"నిన్నువలె" అంటే ముందు నన్ను నేను ప్రేమించుకోవాలనా?

ఇది మూడో ఆజ్ఞ కాదు, రెండోదానికి కొలత. ఆకలేస్తే మనం కమిటీ వేసి చర్చించుకోం, తింటాం. మన తప్పుకు మనం ఎన్ని సాకులు వెతుక్కుంటామో! అంత చొరవ, అంత ఓర్పు అవతలివాడి విషయంలోనూ చూపించమంటోంది ఆజ్ఞ.

అయితే తన మీద తనకే అసహ్యం పెంచుకుని బతికేవాళ్లు ఉన్నారు. వాళ్లతో "నిన్ను నువ్వు మర్చిపో" అనడం క్రూరత్వం. వాళ్లు కూడా దేవుడి పోలికలో పుట్టినవాళ్లే, దేవుడు ప్రేమించేవాళ్లే. సేవ చేసి చేసి అలసిపోయేవాళ్లకూ ఇదే జవాబు. భోజనానికి కూడా తీరికలేని శిష్యులతో ప్రభువు, ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోండి అన్నారు (మార్కు 6:31).

డబ్బు అడిగిన ప్రతివాడికీ ఇవ్వాలా?

కలిగి ఉండి, సహోదరుడి లేమి చూసి గుండె తలుపు మూసుకున్నవాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని యోహాను అడుగుతాడు (1 యోహాను 3:17). బట్టల్లేనివాడితో, తిండిలేనివాడితో "చలి కాచుకో, కడుపునిండా తిను" అని చెప్పి పంపేస్తే ఏం లాభం అంటాడు యాకోబు. కాబట్టి ఇవ్వకుండా ఉండటానికి కారణం వెతికే అలవాటు మంచిది కాదు. ఇచ్చిన డబ్బు ఆ మనిషికి మేలు చేస్తుందా అని ఆలోచించడం మాత్రం తప్పు కాదు. నోటు కంటే ఆసుపత్రికి తోడు వెళ్లడమే పెద్ద సాయమైన సందర్భాలు చాలా ఉంటాయి.

సంఘం డబ్బు విషయంలో ఒక్క మాట. యెరూషలేములోని బీదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ డబ్బు ఒక్కడే పట్టుకెళ్లలేదు. తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు ఎంచుకున్న సహోదరుణ్ణి కూడా కలిపాడు, ఎవరూ వేలెత్తి చూపకుండా (2 కొరింథీయులు 8:16-21). లెక్క అడిగితే "నమ్మకం లేదా?" అని కోప్పడే నాయకులు ఈ వచనాలు ఒకసారి చూసుకోవాలి.

సంఘంవాళ్లకు ముందా, బయటివాళ్లకు ముందా?

అందరికీ మేలు చేయండి, విశ్వాసగృహానికి చేరినవాళ్లకు విశేషంగా చేయండి అన్నది గలతీయులు 6:10. ఇందులో "విశేషంగా" అన్నది పట్టుకుని "అందరికీ" అన్నది వదిలేయకూడదు. తొలి శతాబ్దాల క్రైస్తవులు వదిలేయలేదు. నాలుగో శతాబ్దంలో పాత దేవతల పూజను మళ్లీ నిలబెట్టాలని చూసిన రోమా చక్రవర్తి జూలియన్, గలిలయులు తమ బీదలనే కాకుండా మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మనం చేస్తున్నది ఏమీ లేదని తన పూజారికి రాసిన ఉత్తరంలో వాపోయాడు. గలిలయులంటే అతని లెక్కలో క్రైస్తవులు. మెచ్చుకోవాలని రాసింది కాదు కాబట్టి ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ.

పొరుగువాడికి సువార్త చెప్పడం ప్రేమేనా?

మనకు మేలు చేసినదాన్ని పంచుకోవడం ప్రేమే. కానీ వినకపోతే స్నేహం తెగిపోతుందంటే, అది మొదటి నుంచీ స్నేహం కాదు. పదిమంది కుష్ఠరోగులను ప్రభువు బాగుచేస్తే కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మండుగురి స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకోలేదు.

దేవుణ్ణి నమ్మనివాళ్లు కొందరు మాకంటే బాగా ప్రేమిస్తారు. ఎలా?

ప్రేమిస్తారు, సంతోషించాల్సిన విషయమే. ప్రభువు చెప్పిన కథలో ఆదర్శంగా నిలిచినవాడు యాజకుడు కాదు, సమరయుడు. వాళ్లను చూసి మనం ఉడుక్కోవాల్సిన పని లేదు, నేర్చుకోవచ్చు.

ఇంత చేస్తే రక్షణ వస్తుందా?

చేసి సంపాదించుకునేది కాదు రక్షణ. పౌలు దాన్ని ఒక్క మాటలో పెట్టాడు: "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే" (గలతీయులు 5:6). ఈ విషయం మీద పశ్చిమ సంఘం పదహారో శతాబ్దంలో చీలిపోయింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుందనీ అందులో ఒప్పుకున్నాయి. వివరాల్లో తేడాలు ఇంకా ఉన్నాయి.

దేవుడి మీద ప్రేమ చల్లారిపోయింది. ప్రార్థిస్తే ఏమీ అనిపించడం లేదు. ఏం చేయాలి?

ముందు టెన్షన్ పడకండి. "నా దేవుని సన్నిధికి ఎప్పుడు వస్తాను" అని ఎండిన గొంతుతో అడిగిన 42వ కీర్తన బైబిల్లోనే ఉంది. ఎండిపోయానని దేవుడితో చెప్పుకోవడం కూడా ప్రార్థనే.

ఎఫెసు సంఘంతో ప్రభువు, నీ మొదటి ప్రేమను వదిలేశావు అన్నారు (ప్రకటన 2:4). ఆ సంఘం సోమరిది కాదు. కష్టపడింది, ఓర్చుకుంది, అబద్ధ బోధకులను పట్టుకుంది. అయినా ప్రేమ జారిపోయింది. ఆయన చెప్పిన మందు ఏమిటో చూడండి: ఎక్కడి నుంచి పడ్డావో గుర్తు తెచ్చుకో, మారుమనస్సు పొందు, మొదట చేసిన పనులు మళ్లీ చెయ్యి. మొదట్లో ఏం చేసేవారు? పొద్దున్నే ఒక కీర్తన చదివేవారేమో. కోపం వచ్చినవాళ్లతో ఆ రోజే మాట్లాడేసేవారేమో. వాటిల్లో ఒకటి పట్టుకోండి.

ఒక్కోసారి అడ్డం వేరేచోట ఉంటుంది. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నారు ప్రభువు (మత్తయి 5:23-24). మనకు ఎవరి మీద కోపం ఉందో అని కాదు, మన మీద ఎవరికి ఉందో అని. ఆ పేరు చాలాసార్లు ప్రార్థనలో కూర్చోగానే గుర్తొస్తుంది, మనం "ఆలోచనలు చెదురుతున్నాయి" అనుకుని పక్కకు నెట్టేస్తాం. కొన్నేళ్లు బిగుసుకున్న గొడవైతే నేరుగా వెళ్లలేకపోవచ్చు, మధ్యలో ఒక నమ్మకమైన మనిషిని పెట్టుకోవచ్చు. కుదరదంటే కుదరదు. మీ చేతనైనంతవరకు సమాధానంగా ఉండండి అన్నాడు పౌలు, అవతలివాళ్ల వంతు మన మీద వేయలేదు.

ఈ విషయం బైబిల్లో వరుసగా చదవాలంటే?

లేవీయకాండము 19తో మొదలుపెట్టండి, చాలామంది దాటేసే పుస్తకమే అయినా. తర్వాత ద్వితీయోపదేశకాండము 6, యెషయా 58, లూకా 10, మత్తయి 25:31-46, యోహాను 13, రోమా 12-13, యాకోబు 2. 1 యోహాను పత్రిక ఐదే అధ్యాయాలు, ఒకే విడతలో చదివేయొచ్చు. 1 కొరింథీయులు 13 పెళ్లిళ్లలో విని విని అలవాటైపోయి ఉంటుంది కాబట్టి, దాన్ని 12, 14 అధ్యాయాల మధ్య పెట్టి చదవండి. అది వరాల గురించి పోట్లాడుకుంటున్న ఒక సంఘానికి రాసిన మాట.